పాడ్యమి పొద్దున వచ్చే కాగితాలు

మా ఇంట్లో కంప్యూటర్లు మూడు, ప్రింటరు ఒకటి. ఇలా ఉండాలని ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు. ముందు బావ కంప్యూటరు వచ్చింది. నా కంప్యూటరు నాతోపాటు ఆదోని నుంచి కాపురానికి వచ్చింది. తర్వాత మా ఆయన బడి పనికని ల్యాప్‌టాప్ కొన్నాడు. ప్రింటరు మాట వచ్చేసరికి, ఇంటికి ఒకటి చాలదా అన్నారు అందరూ. అందరూ అంటే, అది మొరాయించినప్పుడు దాని ముందు కూర్చోవాల్సిన పని లేనివాళ్లు.

మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. బావ అంటే మా ఆయనకు అన్న. జకార్డు మగ్గం మీద చీరలు నేస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే మగ్గం వైపు చూపిస్తాడు, అడిగినవాళ్లు అర్థమైనట్టు తలూపి వెళ్లిపోతారు. అత్త రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. మా ఆయన పెద్దకడుబూరులో బడిపంతులు, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తాడు. నేను ఇంట్లోనే టైపింగు పని చేస్తాను. పెళ్లి పత్రికలు, అర్జీలు, చుట్టుపక్కల సంఘాల తీర్మానాలు. మా పుట్టింట్లో ఎవరూ మగ్గం తొక్కి ఎరగరు. నాకు కోపం వస్తే ఆదోని బస్సెక్కుతాను. గంట ప్రయాణం. కాపురానికి వచ్చిన మొదటి ఏడాదిలోనే కండక్టర్లందరికీ నా ముఖం తెలిసిపోయింది.

ప్రింటరును మగ్గం గదిలో బండ అలమరలో పెట్టారు, బావకు కాగితాలు అక్కడికక్కడే కావాలి కాబట్టి. నా కంప్యూటరు గోడకు ఇవతల, మా గదిలో ఉంది. మధ్యలో గోడ రెండడుగుల మందం, రాయీ మట్టీ పెట్టి ఎప్పుడో కట్టింది. గుమ్మాలన్నీ చుట్టి తెచ్చేంత వైరు లేదు. అందుకని గోడకు రంధ్రం కొట్టించాం. వైరు పట్టేంత చాలని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. అతను ఒక రాయిని కదిలించాడు, అది మొత్తంగా ఊడి చేతికొచ్చింది, మోచెయ్యి దూరేంత బొక్క పడింది. పూడ్చమంటే, "గాలాడతాది ఉండనీక్కా," అన్నాడు. అలాగే ఉండిపోయింది.

ఆ బొక్కకు అవతల పక్కనే అత్త పీట, రాట్నం. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నన్ను పిలవాలంటే లేచి రాదు, బొక్కకు నోరు ఆనించి, "కాఫీ పెడతావా మే," అంటుంది. నేను ఇటునుంచి పెడతానంటాను. కాఫీ లోటా మాత్రం అందులోంచి ఒలక్కుండా పోదు, గుమ్మాలన్నీ చుట్టి పోవాల్సిందే. ఫోన్లు ఉండి కూడా మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఆ బొక్కలోంచే నడిచేవి.

ప్రింటరు వైరు నా కంప్యూటరుకే ఉంది కాబట్టి మిగతా ఇద్దరూ వైఫై మీద నా దాని గుండానే ప్రింటు కొట్టాలి. ఎవరు ఏం కొట్టినా ముందు నా తెర మీద వరసగా పేర్లు పడతాయి, ఆ వరసలోనే కాగితాలు బయటికొస్తాయి. దాన్ని మా ఇంట్లో లైను అంటాం. రేషన్ షాపు దగ్గర నిలబడే లైను లాంటిదే. ముందున్నది కదలకపోతే వెనకున్నదీ కదలదు. కదలనప్పుడు మూడు గదుల్లోంచి నన్నే కేకేస్తారు. ప్రింటరు ఇంటిది, తప్పు నాది.

మగ్గాల ఇళ్లలో అమావాస్య రోజు మగ్గం ఆడదు. దుమ్ము దులిపి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి వదిలేస్తారు. నెలకు మగ్గానికి అదొక్కటే సెలవు, నేసేవాడికీ అదొక్కటే. ప్రింటరు వచ్చాక మొదటి అమావాస్యకు అత్త దానికి కూడా బొట్టు పెట్టి స్విచ్చి తీసేసింది.

"మగ్గం గదిలో ఉండాది కదా, అదీ పనిముట్టే. ఈ పొద్దు దాన్ని ముట్టుకోగాకండి," అంది.

అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా అని మా ఆయన వాదించాడు.

"మగ్గం గూడా ఉత్త కట్టెనే కదప్పా," అంది అత్త.

బడిపంతులు బస్సుకు టైమైందని సంచి అందుకున్నాడు. కంప్యూటర్లకు మాత్రం సెలవు లేదు, అవి మగ్గం గదిలో లేవు కాబట్టి. దాంతో మా ఇంట్లో ఒక పద్ధతి పడింది. అమావాస్య రోజు ఎవరు కొట్టిన ప్రింట్లయినా లైనులో నిలబడే ఉంటాయి. పాడ్యమి పొద్దున అత్త స్నానం చేసి, ప్రింటరుకు దండం పెట్టి స్విచ్చి వేస్తుంది. అప్పుడు అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటిని ఏరి ఎవరివి వాళ్లకు పంచడం కూడా ఆమె పనే. ఆమెకు కళ్లలో పొర, అక్షరాలు సరిగా కనపడవు. గళ్లుంటే బావవి, వరసగా అంకెలుంటే మా ఆయన ప్రశ్నపత్రాలు, పైన దేవుడి బొమ్మ ఉంటే నావి. ఒక్కసారి కూడా తప్పు ఇవ్వలేదు.

ఇక బావ సంగతి. అతను కంప్యూటరులో చీర అంచులకు పువ్వులు గీస్తాడు. తెర నిండా చిన్న చిన్న గళ్లుంటాయి, ఒక్కో గడి ఒక్కో పోగుకు. గళ్లు నింపి, పొడుగు కాగితం మీద ప్రింటు తీసి, అది చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం మీదికి ఎక్కితే అదే పువ్వు చీర మీద పడుతుంది. ప్రింటు కొట్టి పేజీ మూసేటప్పుడు కంప్యూటరు అడుగుతుంది, సేవ్ చేయాలా అని. బావ ప్రతిసారీ వద్దంటాడు. ఎందుకు బావా, సేవ్ చేసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"నేసి కోసినాక సీర మగ్గం మీద ఉంటాదా అమ్మా? కాగితంలోకి దిగినాక ఆడ ఏం పని దానికి," అన్నాడు.

అతను గీసిన పువ్వులన్నీ చుట్టలు చుట్టి దూలానికి వేలాడుతుంటాయి. అన్నీ కాగితాలే, కంప్యూటరులో ఒక్కటీ లేదు. అతని తెర చీర దించిన మగ్గంలా ఎప్పుడూ బోసిగా ఉంటుంది. నేను దాన్ని నవ్వుకోవడానికి పనికొచ్చే సంగతి అనుకున్నాను. ఆదోని పోయినప్పుడు మా అమ్మకు చెప్పి నవ్వించాను కూడా.

అత్త పెళ్లి చీర ఆమె నాయన నేసింది. చీర ఎప్పుడో చినిగిపోయింది, అంచు ముక్క మాత్రం మూరెడు ట్రంకు పెట్టెలో మిగిలింది. ఒక జొన్నకంకి, పక్కన చిన్న పువ్వు, మళ్లీ జొన్నకంకి. ఆ అంచుతో ఇంకో చీర నేసి అమ్మకు కట్టబెట్టాలని బావకు ఎన్నాళ్ల నుంచో ఉంది. గళ్లకెక్కించాలంటే పోగుల లెక్క కావాలి. ముక్క ఎంత పాతదంటే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, భూతద్దం పెట్టినా లెక్క చిక్కలేదు. మిగిలింది ఒకటే దారి. అడ్డంగా పోయే పేక పోగులు ఒక్కోటే లాగి, నిలువునా ఉన్న ఏ పడుగు మీదుగా పోయిందో ఏ పడుగు కిందుగా పోయిందో చూసి గళ్లు నింపడం. అంటే చదివిన కొద్దీ ముక్క పోతుంది.

బావ అత్తను అడిగాడు. ఆమె ముక్కను ఒకసారి చెంపకు ఆనించుకుంది.

"లాగు. పెట్టెలో ఉండి ఏం సేస్తాది," అంది.

మూడు వారాలు పట్టింది. మగ్గం దిగిన ప్రతి సాయంత్రం అతను సూదితో పోగు లాగి, చూసి, గళ్లు నింపేవాడు. ఆ మూడు వారాలూ కంప్యూటరు ఆర్పలేదు. మగ్గం మీద చీర సగంలో ఉండగా ఎవరైనా విప్పుతారా అన్నది అతని వాదన. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. చివరికి ముక్క ఉన్నచోట గుప్పెడు వెలిసిన దారం మిగిలింది, అంచు తెర మీదికి వచ్చింది. సరిగ్గా అమావాస్య మధ్యాహ్నం చివరి గడి నింపాడు. నన్ను పిలిచి చూపించాడు. కంకి గింజ గింజగా ఉంది. బాగుంది బావా అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. అతను ప్రింటు కొట్టి, పేజీ మూసి, సేవ్ చేయాలా అంటే వద్దని, పోయి పడుకున్నాడు. మూడు వారాల నిద్ర ఉంది అతనికి.

నా తెర మీద లైనులో మొదటి పేరు అది. సాయంత్రం దాని వెనక మా ఆయన ప్రశ్నపత్రాలు వచ్చి నిలబడ్డాయి.

పాడ్యమి పొద్దున బావ రంగునూలు తెచ్చేదానికి మొదటి బస్సుకే ఆదోని పోయాడు. అత్త దండం పెట్టి స్విచ్చి వేసింది. ప్రింటరు గుర్రుమని లేచి, పసుపు లైటు మిటకరించి ఆగిపోయింది. నేను ఇటు నుంచి మళ్లీ కదిలించి చూశాను. మళ్లీ గుర్రుమంది, మళ్లీ ఆగింది. మా ఆయన చంకలో సంచితో నా వెనక నిలబడ్డాడు. ఆ రోజు బడిలో పరీక్ష, బస్సు ఏడున్నరకు.

"యేమాయె?" అన్నాడు.

"లైను కదల్లేదు. ముందర బావది ఉంది."

"తీసేయ్. మాయన్న సాయంత్రం వచ్చి మళ్లా కొట్టుకుంటాడులే. ఆడ పిల్లోళ్లు పేపర్లకు కాసుకోనుంటారు."

బావది ఒక్కటే తీసేయబోయాను. తెర తీసేస్తున్నాను, తీసేస్తున్నాను అని చూపిస్తూనే ఉంది, బావ పేరు అక్కడే కూర్చుంది. బస్సుకు పావుగంట ఉంది. మొత్తం లైనునే రద్దు చేసే మీట ఒకటుంది, అది నొక్కాను. తెర ఖాళీ అయింది.

"తీసేసినా, పంపు," అన్నాను, ల్యాప్‌టాప్ దగ్గరికి పోయిన ఆయనకు వినపడేలా గట్టిగా.

మా ఆయన తనవి మళ్లీ పంపాడు, గలగలా వచ్చేశాయి, అందుకుని బస్టాండుకు పరిగెత్తాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. ఎన్ని పొద్దులు నా పెళ్లి పత్రికలు బావ పొడుగు కాగితాల వెనక నిలబడి ఎదురుచూశాయో నాకు తెలుసు. అతను సేవ్ చేయడన్న సంగతి కూడా నాకు తెలుసు. ఆ పొద్దున గుర్తు రాలేదు. గుర్తు వచ్చి ఉంటే ఆగేదాన్నా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆగేదాన్ననే అనుకుంటాను.

గుర్తు వచ్చింది ఆ సాయంత్రం, బావ నూలు మూట దించి, "అమ్మా, కాగితాలు వచ్చినాయా?" అని అత్తను అడిగినప్పుడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"రాలేదు నాయనా," అంది అత్త.

అతను తన గదికి పోయాడు. తర్వాత మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తమ్ముడి పెళ్లాం గదిలోకి ఎప్పుడూ రాడు, గడప బయటే నిలబడతాడు.

"నీ దాంట్లో ఏమన్నా ఉండాదేమో సూడమ్మా," అన్నాడు.

నేను పోయి తెర ముందు కూర్చుని, ఖాళీ లైనును వెతికినట్టు నటించాను. అటూ ఇటూ నొక్కాను.

"లేదు బావా. నాదాకా రానే లేదు," అన్నాను.

అప్పుడే వచ్చిన మా ఆయన నా వైపు చూశాడు. తర్వాత గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. అన్నం తినే దాకా చదివాడు.

నేరం ఎవరిదో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. అమావాస్య రోజు పంపాడు కాబట్టి ప్రింటరు మింగేసిందని వీధిలో అందరూ అన్నారు. అందులో సగం మందికి ప్రింటరు అంటే ఏమిటో తెలియదు. బావ కూడా అదే నమ్మాడు, అతనికి ఇంకేదైనా నమ్మే అవకాశం నేను ఇవ్వలేదు. పక్కింటావిడ తెచ్చిన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ ప్రింటరుకు కట్టారు. అవి కాగితం వచ్చే దారికి అడ్డం పడుతున్నాయని నేనే కొంచెం పైకి జరిపి కట్టాను. బావ ఆ గుప్పెడు దారాన్ని అరచేతిలో పెట్టుకుని మగ్గం గట్టు మీద కూర్చునేవాడు. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో ఒకటి అని బతికిపోయేదాన్ని. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

చెప్పేద్దామా అని మా ఆయనను అడిగాను.

"నొక్కింది నువ్వే కదా," అన్నాడు.

కోపం వచ్చింది, ఆదోని బస్సెక్కాను. ఈసారి నా కంప్యూటరు డబ్బాను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. సర్వీసుకని ఇంట్లో చెప్పాను. "ఈసారి సామాన్లతోనే పోతాండావే అక్కా," అన్నాడు కండక్టరు. ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దుకాణం ఆయన డబ్బా విప్పి, వైర్లు పెట్టి, ఒక గంట వెతికాడు.

"రద్దు కొట్టినాక ఇందులో ఏం మిగలదు మేడం. అసలు ఫైలు యాడ సేవ్ చేసినారు?" అన్నాడు.

"చేయలేదు."

"క్యోం?"

"కోసినాక చీర మగ్గం మీద ఉండదు కదా," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన డబ్బా బిగించి ఇచ్చేసి, నీళ్లు తాగుతారా అని అడిగాడు. మా అమ్మ ఇంటికి పోతే, ఈసారి ఎన్ని రోజులు అని అడిగింది. సాయంత్రం బస్సుకే పోతున్నానంటే నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. అలిగి పోయిన రోజే తిరిగి రావడం నాకు అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటరు మళ్లీ బిగించి, బొక్క దగ్గర వంగి అడిగాను.

"అత్తా, ఆ అంచు నీకేమన్నా గుర్తుందా?"

రాట్నం ఆగింది. తర్వాత మళ్లీ తిరిగింది.

"గుర్తు ఉండక యాడికి పోతాది. ఆ పోగులు ఎత్తింది నేనే," అంది.

నాకే కాదు, బావకు కూడా తెలియని సంగతి అది. జకార్డు రాని రోజుల్లో అంచు పువ్వు కావాలంటే నేసేవాడి పక్కన ఇంకొకరు కూర్చుని, ప్రతి పేకకూ చేత్తో పోగులు ఎత్తాలి. అత్త చిన్నప్పుడు వాళ్ల నాయన పక్కన అలా కూర్చునేది. ఆయన లెక్క పలికేవాడు, ఆమె ఎత్తేది. తన పెళ్లి చీరకు కూడా ఆమే ఎత్తింది. చూపు సరిగా లేదు గానీ, ఆ లెక్క చూపుతో నేర్చింది కాదు.

"నువ్వు గీస్తావా?" అంది.

"గీస్తానత్తా."

"ఊరికే ఆదోనికి పోకుండా కూసుంటావా?"

"కూర్చుంటా."

"అయితే రాసుకో. రెండు ఎత్తు, మూడు దించు, ఒకటి ఎత్తు."

మొదలుపెట్టాం. ఆమె అవతల కండెలు చుడుతూ బొక్కలోంచి పలికేది. నేను ఇవతల గళ్లు నింపేదాన్ని. ఎత్తు అంటే నలుపు గడి, దించు అంటే తెలుపు గడి. మొదటి నాలుగు రోజులు గీసిన కంకి తలకిందులుగా వచ్చింది, నేను వరసలు పైనుంచి పెట్టాను, మగ్గం మీద కిందినుంచి వస్తాయట. అంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టాం. ఒక్కోసారి ఆమె మధ్యలో ఆగిపోయేది. రాట్నం వదిలి, ఒళ్లో వేళ్లు ఆడిస్తూ, ముందు నుంచి మళ్లీ పలుక్కుంటూ వచ్చి, ఆగిన చోటు దాటాక, "ఆఁ, నాలుగు దించు," అనేది. సాయంత్రాలు బావ వచ్చి గడప బయట నుంచే తెర చూసేవాడు. నేతకు కుదరని గడి ఉంటే చెప్పేవాడు, లేకపోతే తలూపి పోయేవాడు. పెళ్లి పత్రికల వాళ్లు నన్ను ఫోనులో తిట్టారు. ఏదైనా ప్రింటరు మీద తోయడం నాకు అప్పటికి అలవాటైపోయింది, ప్రింటరు సరిగా లేదని చెప్పాను.

మూడో పువ్వు దగ్గర ఆమె ఒక పోగు ఎక్కువ చెప్పింది.

"అత్తా, ముందు రెండు పువ్వులకూ ఇక్కడ నాలుగే కదా," అన్నాను.

"దీనికి ఐదు. పెట్టు."

"తప్పేమో చూడు."

"తప్పే. ఆ పొద్దు నాకు నిద్ర తూగింది, ఒకటి ఎక్కువ ఎత్తినా. మా నాయన సూసినాడు. విప్పుతాడేమోనని నాకు భయం. విప్పలేదు. పోనీలే, ఇది నీ పువ్వు అన్నాడు. పెట్టు, ఐదు."

పెట్టాను. మిగతా అంచు గీసినన్ని రోజులూ ఆ పువ్వు తెర మీద నన్ను చూస్తూనే ఉంది.

చివరి కంకి అయిపోయింది మళ్లీ అమావాస్య రోజే. మధ్యాహ్నం. బావ మగ్గం తుడుస్తూ పెరటి వైపు దుమ్ము గుడ్డలు దులపడానికి పోయాడు. మగ్గం గదిలో అత్త ఒక్కతే ఉంది, ఆ రోజు రాట్నం కూడా ఆడదు. నేను బొక్క దగ్గర వంగాను. ఎదురుగా మనిషి లేకపోతే కొన్ని మాటలు సులువుగా వస్తాయి.

"అత్తా, ఆ పాడ్యమి పొద్దున లైను తీసేసింది నేనే," అన్నాను.

అవతల పీట జరిగిన చప్పుడైంది.

"తెలుసులే," అంది.

"ఎట్లా తెలుసు?"

"నేను కూసునేది ఈ బొక్క కాడనే కదా. తీసేసినా అంటివి. ఇనపడె."

ఆమే మళ్లీ అంది.

"వాడు పోతా పోతా ఆ పొడుగు కాగితాలు నా ఒళ్లో పెట్టి పోయినాడు, నీకిచ్చి ప్రింటరులో పెట్టించమని. దానికోసరమే అది ఆగింది. నేను మోకాలు పట్టుకోని లేసేలోపల నువ్వు తీసేస్తివి. ఒక కేకేసింటే అయిపోయేది. నాకు నోరు రాలేదు. నీ ఒక్కదాని తప్పేం కాదు."

"మరి ఆ సాయంత్రం ఎందుకు చెప్పలేదత్తా? నేను అంత అబద్ధం ఆడుతుంటే."

"సెప్పింటే నువ్వు ఆదోని బస్సు ఎక్కిందువు. నా అంచు ఎవురు గీసేది?"

నేను ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడ్చాననుకున్నాను గానీ, ఆ బొక్క సంగతి తెలిసిందే. ఆమె ఏడవనిచ్చింది. ఆ తర్వాత అడిగింది.

"వానికి నేను సెప్పను. సెప్పాల అనిపిస్తే నువ్వే సెప్పు. సేవ్ కొట్టినావా?"

"కొట్టినానత్తా."

"ఇంగోసారి కొట్టు."

కొట్టాను.

చీర దిగింది. మూడో పువ్వు దగ్గర ఒక పోగు ఎక్కువ ఉంది. అత్త దాన్ని వేలితో వెతికి పట్టుకుంది. ఏ పండుగకూ దాచకుండా ఆ సోమవారమే కట్టుకుని సంతకు పోయింది. బావ ఇప్పటికీ సేవ్ చేయాలా అంటే వద్దనే అంటాడు. అతనికి తెలియకుండా, గీసింది గీసినట్టు తనంతట తానే సేవ్ అయ్యేలా అతని కంప్యూటరులో పెట్టాను. నిమ్మకాయ ఎండిపోయి రాలిపోయింది గానీ ప్రింటరు మీద అతని కోపం పోలేదు. దాని పక్కనుంచి పోయేటప్పుడు ఒకసారి కొరకొరా చూసి పోతాడు. అలా చూసినప్పుడల్లా చెప్పాలని అతని గడప దాకా పోయి, కాఫీ కావాలా బావా అని అడిగి వచ్చేస్తుంటాను. అతను ఈమధ్య రోజుకు నాలుగు కాఫీలు తాగుతున్నాడు.

అందుకని ఇది టైపు చేశాను. టైపింగు ఒక్కటే నాకు వచ్చిన పని. ఈరోజు అమావాస్య, ప్రింటు ఇందాకే కొట్టాను. లైనులో ఇదొక్కటే ఉంది. రద్దు చేయడం ఎలాగో నాకు తెలుసు, చేయలేదు. రేపు పొద్దున అత్త స్నానం చేసి, దండం పెట్టి స్విచ్చి వేస్తుంది, ఈ కాగితాలు ఆమె చేతిలో పడతాయి. వీటిలో గళ్లు లేవు, వరస అంకెలు లేవు, పైన దేవుడి బొమ్మ లేదు. ఇవి ఎవరివి మే అని ఆ బొక్కలోంచి అడుగుతుంది. బావవని చెప్పాలి.